ల్యాబ్ తాళంచెవి

మన బడిలో సైన్స్ ల్యాబ్ గది గుర్తుందా? వేపచెట్టు వైపు చివరి గది. పొడవాటి చెక్క బల్లలు, గోడకు రెండు బీరువాలు, తలుపుకు పెద్ద ఇత్తడి తాళం. 1990లో టెన్త్ రాసిన మా బ్యాచ్‌లో ఆ తాళంచెవి ఏడాది పాటు నా దగ్గరే ఉంది. తొమ్మిదో తరగతిలో ఫిజికల్ సైన్స్ సార్ నన్ను ల్యాబ్ లీడర్‌ను చేశారు. చెవిని నల్ల దారానికి కట్టి మెడలో వేసుకునేవాణ్ణి. చొక్కా లోపల చల్లగా తగులుతుంటే ఎంత గర్వంగా ఉండేదో!

ఒకరోజు మధ్యాహ్నం బెల్లులో ముగ్గురు దోస్తులు అడిగితే చెవి ఇచ్చాను. వాళ్ళు ఇంకెవరికో ఇచ్చారు. సాయంత్రానికి గాజు పట్టకం ఒక మూల విరిగి ఉంది. సార్ కొట్టలేదు, తిట్టలేదు. స్టాక్ రిజిస్టర్ తెరిచి, పట్టకం ఉన్న వరుసలో వేలు పెట్టి, "ఎవరి పేరు రాయమంటవు చెప్పు" అన్నారు. నేను చెప్పలేకపోయాను. నిజంగానే నాకు తెలియదు. చెవి నలుగురి చేతులు తిరిగింది. చివరికి నా పేరే రాశారు. మర్నాడు చెవి వెనక్కి తీసుకుని అటెండర్‌కు ఇచ్చారు. ప్రాక్టికల్ ఉన్నరోజు సార్ చీటీ రాసిస్తే అటెండర్ తెరిచేవాడు, అయిపోగానే మూసేవాడు. నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అది చూసి సార్ పిలిచి, "తాళంచెవి నీ దగ్గర లేకపోతే నింద గూడ నీ మీదికి రాదు బిడ్డా" అన్నారు. ఆ వయసులో ఆ మాట నాకు ఓదార్పుగా అనిపించలేదు.

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికకు ఏదైనా రాయమని మన కమిటీ వాళ్ళు అడిగినప్పుడు, నా ఉద్యోగం గురించి రాద్దామనుకున్నాను. మొదలుపెడితే చెయ్యి ల్యాబ్ గదికే పోయింది. నేను ఇరవై ఏళ్ళకు పైగా చేస్తున్న పనిలో పెద్ద భాగం, ఎవరి దగ్గర ఏ తాళంచెవి ఉండాలో తేల్చడమే.

డిగ్రీ హన్మకొండలో అయ్యాక, 1998లో కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్ళాను. అమీర్‌పేటలో అప్పుడు ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. 2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రామ్‌లలో తేదీలు తప్పుతాయన్న భయంతో ప్రపంచమంతా మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవాళ్ళ కోసం వెతుకుతోంది. మెయిన్‌ఫ్రేమ్‌లో వాడే కోబాల్, జేసీఎల్ భాషలు నేర్చుకున్నాను. ప్రాక్టీసుకు మా ఆరుగురికీ కలిపి ఒకే ఐడీ. ఒక ఐడీతో ఒకసారి ఒకరే లోపలికి పోగలరు కాబట్టి వంతులు వేసుకునేవాళ్ళం. ఒకడు రాసిన ప్రోగ్రామ్‌ను ఇంకొకడు చెరిపేస్తే, చెరిపిందెవరో తేలేది కాదు. పట్టకం మళ్ళీ గుర్తొచ్చింది.

మెయిన్‌ఫ్రేమ్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఐబీఎం 1964లో సిస్టమ్/360 అనే కంప్యూటర్ల వరుసను ప్రకటించింది. నేటి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లు ఆ వంశానివే. ఎన్నో దశాబ్దాల కింద రాసిన ప్రోగ్రామ్‌లు కూడా వాటి మీద ఇంకా నడుస్తున్నాయి. బ్యాంకులు, బీమా కంపెనీలు, విమానయాన సంస్థలు రోజువారీ లెక్కలకు వీటినే నమ్ముకున్నాయి. ఒకే యంత్రం మీద వేలమంది ఒకేసారి పనిచేస్తారు. కాబట్టి అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ వేయడం ఇంట్లో కంప్యూటర్‌లో వేసినట్టు నాలుగు క్లిక్కుల పని కాదు. దాని కోసమే ఎస్‌ఎంపీ/ఈ అనే పనిముట్టు ఉంది. యంత్రంలో ఏ ప్రొడక్ట్ ఉంది, దానికి ఏ సవరణ పడింది, ఏది దేని మీద ఆధారపడింది అన్నదంతా అది ఒక ఖాతాలో రాసిపెడుతుంది. ఆ ఖాతాను సీఎస్‌ఐ అంటారు. అచ్చం మన సార్ స్టాక్ రిజిస్టరే!

ఆ పనిముట్టుతో పని మూడు అంచెల్లో జరుగుతుంది. ముందు రిసీవ్. సవరణ మన గడపలోకి వస్తుంది, ఒక పక్కన ఉంటుంది, నడిచే సిస్టమ్‌కు ఇంకా అంటదు. తర్వాత అప్లై. అప్పుడది టార్గెట్ లైబ్రరీల్లోకి, అంటే నడవబోయే ప్రోగ్రామ్‌లలోకి చేరుతుంది. వాడి చూసి, బాగుందని నమ్మకం కుదిరాక యాక్సెప్ట్. దాంతో డిస్ట్రిబ్యూషన్ లైబ్రరీలనే మూల ప్రతుల్లోకి పోతుంది. అప్లై చేసింది నచ్చకపోతే రిస్టోర్ అని వెనక్కి తీయొచ్చు, మూల ప్రతి చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి. యాక్సెప్ట్ చేశాక ఆ దారి మూసుకుపోతుంది. అందుకే తొందరపడి యాక్సెప్ట్ చేసేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షన్. అప్లైకి ముందు 'చెక్' అని ఒకటుంది. ఏదీ మార్చకుండా, నిజంగా చేస్తే ఏమవుతుందో చూపిస్తుంది. ఏ సవరణ ఏ కారణంతో ఆపి ఉంచారో, ముందు ఏ కాగితం చదవాలో, తర్వాత సిస్టమ్‌ను మళ్ళీ లేపాలో లేదో అన్నీ అందులో తెలుస్తాయి. ఆ రిపోర్టు చదవకుండా ముందుకు పోవద్దని నా దగ్గర నేర్చుకున్న ప్రతి పిల్లకూ పిల్లవాడికీ చెప్పాను.

2003లో నేను ప్రోగ్రామింగ్ వదిలి సిస్టమ్స్ వైపు, అంటే యంత్రంలో సాఫ్ట్‌వేర్ వేసి చూసుకునే పనికి వచ్చాను. చేరిన మొదటి వారమే నాకు యూఐడీ సున్నా ఇచ్చారు. మెయిన్‌ఫ్రేమ్‌లో యునిక్స్ భాగం ఒకటుంది. అందులో ప్రతి మనిషికీ ఒక అంకె ఉంటుంది. సున్నా ఉన్నవాడు సూపర్‌యూజర్, అతన్ని ఏ ఫైలూ ఆపదు. ఆ టీమ్‌లో అందరికీ సున్నానే. "ఎందుకూ అడ్డం, పనులు ఆగకుండా ఉంటాయి" అన్నారు. మెడలో మళ్ళీ తాళంచెవి పడ్డట్టనిపించి, అదే గర్వంతో ఇంటికి ఫోన్ చేసి చెప్పాను కూడా.

జావా అని ప్రోగ్రామ్‌లు రాసే భాష ఒకటుంది. 2005లో ఒక మధ్యాహ్నం నా సొంత డైరెక్టరీలో ఆ పేరుతోనే కొన్ని ఫైళ్ళు పెట్టుకున్నాను. వాటిని నేను తప్ప ఎవరూ చూడకూడదని ఫైళ్ళ అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్ కొట్టాను. లోపలి ఫైళ్ళన్నిటితో సహా, 700, అంటే యజమానికి తప్ప ఎవరికీ ఏ అనుమతీ లేదని. కానీ అంతకు అరగంట ముందు వేరే పనిమీద యంత్రంలోని అసలు జావా ఉండే చోటికి వెళ్ళి, అక్కడినుంచి వెనక్కి రావడం మరిచిపోయాను. అక్కడా జావా అనే డైరెక్టరీయే. కమాండ్ ఒక్క క్షణంలో అయిపోయింది, ఒక్క హెచ్చరిక రాలేదు. నా అంకె సున్నా కదా, ఆపేవారెవరు?

రెండు నిమిషాల్లో లాగ్‌లో ఐసీహెచ్408ఐ సందేశాలు వరదలా మొదలయ్యాయి. అనుమతుల్ని చూసే ర్యాక్‌ఎఫ్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చే సందేశం అది. ఎవరు అడిగారు, దేన్ని అడిగారు, ఏం చేయడానికి అడిగారు, వాళ్ళకు నిజంగా ఎంత అనుమతి ఉంది, అన్నీ అందులో ఉంటాయి. 'ఉన్న అనుమతి' అన్నచోట ప్రతి సందేశంలోనూ మూడు గీతలే, అంటే ఏ అనుమతీ లేదని. జావా వాడే జాబ్‌లు, అంటే యంత్రానికి అప్పజెప్పిన పనులు, ఒకటొకటే ఆగిపోయాయి. అది టెస్ట్ సిస్టమే. అయినా రెండు వందలమంది డెవలపర్లు దాని మీదే పనిచేస్తున్నారు. మళ్ళీ సీహెచ్‌మోడ్ కొట్టి సరిచేద్దామంటే ఏ ఫైల్‌కు ముందు ఏ అనుమతి ఉండేదో ఎవరికి తెలుసు? రాత్రి తీసిన కాపీని తెచ్చి, పాత ఫైల్ సిస్టమ్‌ను దించి, దాన్ని ఎక్కించేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

నాకు అందరిలాంటి అంకె ఉండి ఉంటే ఏమయ్యేది? నా ఫైళ్ళకు నేనే యజమానిని, వాటికి సూపర్‌యూజర్ అవసరమే లేదు. అసలు జావా దగ్గర ఆ కమాండ్ కొడితే 'నీకు హక్కు లేదు' అని తిరిగొచ్చేది. తప్పు చోట ఉన్నానని తెలిసి నాలుక కరుచుకునేవాణ్ణి, అంతే. సార్ అన్న మాట పదహారేళ్ళ తర్వాత ఆ రాత్రి నాకు అర్థమైంది.

ఆ తర్వాత మా అనుమతులన్నీ తిరగరాసే పని నేనే అడిగి తీసుకున్నాను. సెక్యూరిటీ చూసే మేడమ్ ది కరీంనగర్. చాలా కచ్చితమైన మనిషి. ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నది ఏ కోర్సులోనూ దొరకలేదు. ముందు అందరి సున్నాలూ తీసేసి ఎవరి అంకె వాళ్ళకిచ్చాం. దాని బదులు బీపీఎక్స్.సూపర్‌యూజర్ అనే ప్రొఫైల్ మీద రీడ్ అనుమతి. ప్రొఫైల్ అంటే దేనికి ఎవరికి ఎంత అనుమతి ఉందో ర్యాక్‌ఎఫ్‌లో రాసి ఉండే పద్దు. అది ఉన్నవాళ్ళు అవసరమైనప్పుడు ఎస్‌యూ అని కొట్టి సూపర్‌యూజర్ అవుతారు, పని కాగానే బయటికొస్తారు. సార్ చీటీ రాస్తే అటెండర్ తెరిచినట్టు. ఎస్‌ఎంపీ/ఈతో యునిక్స్ ఫైళ్ళు ఉన్న ప్రొడక్ట్ వేసేవాళ్ళకు ఇది చాలు, సున్నా అక్కర్లేదు. కొన్ని ప్రోగ్రామ్‌ల మీద 'ఇది నమ్మదగింది' అని ప్రత్యేక ముద్ర వేయాల్సి ఉంటుంది. దానికి బీపీఎక్స్.ఫైల్‌ఏటీటీఆర్ (BPX.FILEATTR) వరుసలో ఉండే ప్రొఫైల్స్ మీద విడిగా రీడ్ ఇవ్వాలి. ఇది మరిచిపోతే ఇన్‌స్టలేషన్ సగంలో ఆగుతుంది. ఆగగానే చాలామంది సున్నా ఇవ్వమని అడుగుతారు. అదే తప్పు. ఏ ప్రొఫైల్ దగ్గర ఆగిందో ఐసీహెచ్408ఐ చెబుతూనే ఉంటుంది, చదవాలంతే.

మేడమ్ ఎప్పుడూ మనిషి పేరున అనుమతి ఇచ్చేది కాదు, గ్రూపుకే. మనిషి వస్తే గ్రూపులో కలుపుతారు, వెళ్తే తీసేస్తారు. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు యాభై ప్రొఫైల్స్‌లో వెతుక్కునే పని ఉండదు. రీడ్ చాలినచోట అన్నిటికన్నా పెద్ద అనుమతి ఆల్టర్ అడిగితే "దేనికి?" అనేది. జవాబు లేకపోతే ఇచ్చేది కాదు. ఒకసారి అనుమతి ఇచ్చాక కూడా నా జాబ్ పడిపోయింది. గంటసేపు జుట్టు పీక్కున్నాను. ఆమె వచ్చి సెట్‌రోప్ట్స్ రిఫ్రెష్ అనే ర్యాక్‌ఎఫ్ కమాండ్ కొట్టింది, అయిపోయింది. ఆ ప్రొఫైల్స్ మెమరీలో ఉంటాయి, రిఫ్రెష్ చేసేదాకా పాతవే చెల్లుతాయి. కొత్త గ్రూపులో చేర్చిన మనిషి కూడా ఒకసారి బయటికి పోయి మళ్ళీ లాగిన్ అయితేనే అది పనిచేస్తుంది. చిన్న సంగతులే, కానీ కొత్తవాళ్ళ రోజులు రోజులు వీటి దగ్గరే పోతాయి.

కొన్నేళ్ళకు ఎస్‌ఎంపీ/ఈ కమాండ్లకే విడివిడిగా ప్రొఫైల్స్ వచ్చాయి. జీఐఎం.సీఎండీ అని మొదలై, వెనక కమాండ్ పేరు ఉంటుంది. రిసీవ్‌కు ఒకటి, అప్లైకి ఒకటి, యాక్సెప్ట్‌కు ఒకటి. మా దగ్గర రిసీవ్, అప్లై టీమ్ అందరికీ ఇచ్చాం. యాక్సెప్ట్ ఇద్దరికే. ఈ ప్రొఫైల్స్ నిర్వహించే హక్కు మాలో ఎవరికీ లేదు, అది మేడమ్ వైపే. సాఫ్ట్‌వేర్ వేసేవాడు తన అనుమతి తానే రాసుకోకూడదు.

ఈ చివరి మాట మా బాపుకు చెబితే వెంటనే అర్థమైంది. బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో దడువాయి. మిర్చి సీజన్‌లో తెల్లారకముందే పోయి చీకటిపడ్డాకే వచ్చేవాడు. జెండా పాట పాడి ధర కట్టేది ఖరీదుదారు, రైతు తరఫున అమ్మించేది అడ్తిదారు, కాంటా పెట్టి తూకం రాసేది దడువాయి. రైతు చేతికి ఆ లెక్క రాసిన చీటీ, తక్‌పట్టీ వస్తుంది. "కాంటా పట్టెటోడు ఖరీదు చెయ్యద్దు. చేస్తే ఆ కాంటాను ఎవడు నమ్ముతడు?" అన్నాడు. ర్యాక్‌ఎఫ్ వచ్చింది 1976లో. బాపు కాంటా పట్టడం అంతకు ముందే మొదలుపెట్టాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో కనబడ్డ తృప్తి నేను మరిచిపోలేను. కొడుకు చేసే పని తనకూ తెలిసిన పనేనని మొదటిసారి అనిపించి ఉంటుంది.

పోయిన ఏడాది దసరా సెలవులకు వచ్చినప్పుడు మన బడికి వెళ్ళాను. ల్యాబ్ గదిలో ఇప్పుడు ఎనిమిది కంప్యూటర్లు ఉన్నాయి. అన్నిటికీ ఒకటే లాగిన్, అదీ అడ్మినిస్ట్రేటర్. పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కు అతికించి ఉంది. కంప్యూటర్ టీచరమ్మ తప్పేమీ లేదు, ఇంకోలా చేయొచ్చని ఆమెకు ఎవరూ చూపించలేదు. ఇద్దరం రెండు శనివారాలు కూర్చున్నాం. ప్రతి క్లాసుకూ కాదు, ప్రతి పిల్లకూ పిల్లవాడికీ విడిగా లాగిన్ చేశాం. ఆ లాగిన్లతో కొత్త సాఫ్ట్‌వేర్ వేయడం కుదరదు. కావాలంటే నోట్‌బుక్‌లో రాసి టీచరమ్మ సంతకం తీసుకోవాలి, ఆమె వేస్తుంది. ముందు ఒక్క మెషీన్‌లో వారం రోజులు వాడి చూడాలి, బాగుంటేనే మిగతా ఏడింటికి.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఆ నోట్‌బుక్ రాసే బాధ్యత తీసుకుంది. స్కేలుతో గీతలు కొట్టి గళ్ళు వేసింది: తేదీ, ఏం కావాలి, ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎప్పుడు వేశారు. "నా దగ్గర పాస్‌వర్డ్ ఎందుకు ఉండద్దు సార్? నోట్‌బుక్ నేనే రాస్తున్న గద" అని అడిగింది. పక్కన బీరువాలో మన పాత స్టాక్ రిజిస్టర్ ఇంకా ఉంది, అట్ట ఊడిపోయింది. తీసి, 1988-89 పేజీలో గాజు పట్టకం వరుస చూపించి, నా పేరు చదవమన్నాను.