గేర్ ఆయిల్ కొలత: మా చిన్న కారుతో నా అనుభవం

పొద్దున్నే కారు స్టార్ట్ చేసి లివర్‌ని డి (డ్రైవ్) లోకి వేస్తే, ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు ఏమీ జరిగేది కాదు. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో తోసినట్టు ఒక కుదుపుతో బండి కదిలేది. మాది చిన్న ఆటోమేటిక్ కారు. టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న నాలుగు గేర్ల బండి, చాలా ఏళ్ళు నడిచింది. మొదట ఇంజన్ చల్లగా ఉండడం వల్ల అనుకున్నాను. రెండు వారాలు తిరిగేసరికి రివర్స్‌లోనూ అదే వరస మొదలవడంతో టెన్షన్ పట్టుకుంది. గేర్‌బాక్స్ పోతే ఆ కారుని మళ్ళీ బాగుచేయించుకునే స్థితిలో మేం లేము.

ముందు ఆయిల్ చూద్దామని బానెట్ ఎత్తాను. ఈ కారులో గేర్‌బాక్స్‌కీ విడిగా ఒక డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) ఉంది. ఇంజన్ ఆఫ్‌లో ఉండగానే దాన్ని లాగి, తుడిచి, మళ్ళీ దించి చూశాను. ఆయిల్ పై గీత కన్నా ఒక వేలెడు ఎక్కువే ఉంది. ఎక్కువైతే కొంత తీసేయాలి కదా అనుకుని, తీసే ముందు ఒక్కసారి అడుగుదామని బాబాయికి ఫోన్ చేశాను. ఆయన ముప్పై ఏళ్ళు గ్యారేజీలో పనిచేసిన మనిషి.

"ఇంజన్ నడుస్తుండగా చూశావామ్మా?" అన్నారు.

లేదన్నాను.

"అయితే ఆ కొలత లెక్కలోకి రాదు. ఒక్క చుక్క కూడా తియ్యకు. పుస్తకం తీసి చదువు."

ఓనర్స్ మాన్యువల్‌లో సగం పేజీ దాని గురించే ఉంది. ఇంజన్ ఆగినప్పుడు టార్క్ కన్వర్టర్‌లో, పై గొట్టాల్లో ఉన్న ఆయిల్ కొంత కిందికి జారి పాన్‌లో (గేర్‌బాక్స్ అడుగు తొట్టిలో) చేరుతుంది, అందుకే మట్టం ఎక్కువ చూపిస్తుంది. ఇంజన్ నడిస్తే పంపు దాన్ని మళ్ళీ పైకి లాగి అన్ని దారులూ నింపుతుంది. అప్పుడు పాన్‌లో మిగిలేదే అసలు మట్టం. కొన్ని కంపెనీల కార్లలో మాత్రం బండి వేడెక్కాక ఇంజన్ ఆపి, వెంటనే చూడమని ఉంటుంది. అసలు డిప్‌స్టిక్కే లేకుండా, కింద ఒక ప్లగ్ విప్పి, ఆయిల్ ఫలానా వేడిలో ఉండగా సన్నటి ధార ఆగి చుక్కలుగా మారితే సరిపోయినట్టు అని చెప్పే కార్లూ ఉన్నాయి. ఇంకో కారు పద్ధతి మన కారుకి పనికిరాదు. ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకోవలసిందే.

పుస్తకంలో ఉన్నట్టే ఇరవై నిమిషాలు నడిపి, సమతలంగా ఉన్న చోట ఆపాను. హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ మీద కాలు ఉంచి, లివర్‌ని ఒక్కో గేర్‌లో రెండు మూడు సెకన్లు ఆపుతూ కింది దాకా తీసుకెళ్ళి మళ్ళీ పి (పార్క్) లోకి తెచ్చాను. ఇంజన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీశాను. ఈసారి ఆయిల్, వేడిగా ఉన్నప్పుడు చూసే హాట్ గీతల్లో కింది గీతని కూడా తాకలేదు. వేలెడు ఎక్కువ ఉందనుకున్న బండిలో అసలు తక్కువ ఉంది! తీసేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మట్టం తగ్గితే పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా పీలుస్తుంది, ఒత్తిడి తగ్గి గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు పట్టుకోవడం ఆలస్యమవుతుంది. పొద్దున్న వచ్చే ఆ ఆలస్యం అదే.

"ఇది ఇంజన్ ఆయిల్‌లాగా మండిపోయి తగ్గేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది" అన్నారు బాబాయి. రాత్రి కారు కింద అట్టముక్కలు పరిచాను. తెల్లారేసరికి ముందు వైపు, రేడియేటర్ కింద, రెండు ఎర్రటి చుక్కలు. గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరచడానికి రేడియేటర్ దాకా వెళ్ళే రబ్బరు గొట్టం దగ్గర క్లిప్పు వదులైంది. కొత్త క్లిప్పు వేయడానికి పది నిమిషాలు పట్టింది.

ఇక పాతది తీసేసి ఏ ఆయిల్ పోయాలన్నది. ఇక్కడ మన మాటే మనల్ని తికమక పెడుతుంది. దేన్నయినా "గేర్ ఆయిల్" అనే అంటాం. పక్కింటాయన తన మాన్యువల్ (చేత్తో గేర్లు మార్చే) కారులో పోయగా మిగిలిన గేర్ ఆయిల్ ఉందని, కావాలంటే తీసుకోమని ప్రేమగానే చెప్పారు. ఆ డబ్బా మీద 75డబ్ల్యూ-90 (చిక్కదనం), జీఎల్-4 (రకం) అని ఉంది. అది పళ్ళ చక్రాల మధ్య పొరలా నిలవడానికి చేసిన చిక్కటి ఆయిల్. ఆటోమేటిక్‌లో పోసేది పల్చటిది. అది వాల్వుల్లోంచి ఒత్తిడిని మోయాలి, టార్క్ కన్వర్టర్‌లో తిరిగి ఇంజన్ బలాన్ని అందించాలి, వేడిని లాక్కెళ్ళాలి. అన్నిటికన్నా ముఖ్యంగా క్లచ్ ప్లేట్లు ఎంత జారాలో, ఎప్పుడు పట్టుకోవాలో ఆ రాపిడి లెక్క దానిలో ఉండాలి. సీవీటీ కార్లకి (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్‌లకి) ఇంకో రకం, ఎందుకంటే వాటిలో ఉక్కు బెల్టు ఉక్కు పుల్లీ మీద జారకుండా పట్టుకోవాలి. రంగు చూసి ఎంచుకుందామంటే కుదరదు. ఎరుపు అనేది కారిపోతే గుర్తుపట్టడానికి వేసిన రంగు మాత్రమే, రకానికి అది గుర్తు కాదు.

మాన్యువల్ కార్లలోనూ ఇలాంటి మెలికే ఉంది. జీఎల్-5 నంబర్ పెద్దది కాబట్టి జీఎల్-4 కన్నా మెరుగని చాలామంది అనుకుంటారు. అందులో తీవ్ర ఒత్తిడిని తట్టుకునే గంధకం, ఫాస్ఫరస్ మందులు ఎక్కువ. వాటివల్ల గేరు మారేటప్పుడు సింక్రో రింగులకి (గేర్ల వేగాలు కలిపే రింగులకి) కావలసిన పట్టు తగ్గవచ్చు. జీఎల్-4 అడిగిన చోట జీఎల్-5 పోయకూడదనేది అందుకే.

మా పుస్తకంలోనూ, డిప్‌స్టిక్ తల మీదా ఉన్న పేరు డెక్స్‌రాన్ 3, అంటే జనరల్ మోటార్స్ పెట్టిన ఆటోమేటిక్ ఆయిల్ ప్రమాణం. జనరల్ మోటార్స్ 2005లో డెక్స్‌రాన్ 6 తెచ్చింది. పాతవాటి స్థానంలోనూ వాడుకునేలా దాన్ని తయారుచేసింది, 2006 చివరితో పాత 3కి లైసెన్సులు ఆపేసింది. అందుకే ఇప్పటి డబ్బాల మీద "డెక్స్‌రాన్ 3 అవసరమైన చోట వాడదగినది" అనే ఉంటుంది. ఆ మాటకి పూచీ డబ్బా చేసినవాళ్ళదే, జనరల్ మోటార్స్ ఆమోదం కాదు. 100 డిగ్రీల దగ్గర పాతది సుమారు ఏడున్నర సెంటీస్టోక్స్ చిక్కదనంతో ఉంటే, 6వది ఆరు దగ్గర మొదలవుతుంది. అయితే వాడేకొద్దీ అంతగా పల్చబడదు. నేను రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. మా బండి సీళ్ళు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు) పాతవి, పుస్తకం రాసింది చిక్కటిదాని లెక్కతో. పేరున్న కంపెనీ చేసిన, 3వ రకానికి సరిపోయే ఆయిల్‌నే ఎంచుకున్నాను. కొత్త బండి అయితే 6వదే కొనేదాన్నేమో.

పోయడం కన్నా కొలవడమే అసలు పని. కారుని గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి (జాకీ ఒక్కటే నమ్ముకుని కిందికి దూరవద్దని బాబాయి మూడుసార్లు చెప్పారు), ఆయిల్ గోరువెచ్చగా ఉండగా డ్రైన్ ప్లగ్ విప్పాను. ముదురు గోధుమ రంగులో వచ్చింది, మాడు వాసన లేదు. ప్లగ్‌కి ఉన్న అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు పేస్టు ఉంది, లోహపు ముక్కలేవీ లేవు. ఆ క్షణం ఎంత ఊపిరి పీల్చుకున్నానో! ముక్కలుంటే కథ వేరేలా ఉండేది.

వచ్చిన ఆయిల్‌ని గీతలున్న జగ్గులో పోసి కొలిచాను. 1.9 లీటర్లు. పుస్తకం ప్రకారం డ్రైన్ చేస్తే రావలసింది 2.5. ఎంత వచ్చిందో అంతే పోయాలని అందరూ చెప్పేమాట. ముందే తక్కువున్న బండికి అలా పోస్తే ఆ తక్కువ అలాగే మిగిలిపోతుంది. అందుకని 2.2 లీటర్లు పోసి, మిగతాది డిప్‌స్టిక్‌కి వదిలేశాను. ప్లగ్‌కి కొత్త వాషర్ వేసి, పుస్తకంలో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాను. ఆయిల్ పోసేది డిప్‌స్టిక్ గొట్టంలోంచే కాబట్టి పొడుగ్గా సన్నగా ఉండే గరాటు కావాలి.

స్టార్ట్ చేసి, గేర్లన్నీ తిప్పి, కడ్డీ మీద చల్లటి ఆయిల్‌కి ఉన్న కోల్డ్ గీత దగ్గర ఒకసారి చూశాను. అది పంపు ఖాళీగా తిరగడం లేదని తెలుసుకోవడానికే, తుది కొలత కాదు. ఆయిల్ వేడికి ఉబ్బుతుంది. మా గేర్‌బాక్స్‌లో మొత్తం అయిదున్నర లీటర్లు, అది 50 డిగ్రీలు వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. చల్లగా ఉండగా హాట్ గీత దాకా నింపేస్తే వేడెక్కాక పొంగి, తిరిగే భాగాలకి తగిలి నురగ కడుతుంది. నురగలో ఉండేది గాలి, అది ఒత్తిడిని మోయలేదు. తక్కువైతే వచ్చే కష్టమే ఎక్కువైనా వస్తుంది.

ఇరవై నిమిషాలు నడిపి వచ్చి మళ్ళీ చూశాను. కడ్డీకి ఒక వైపు పై గీత దాటి, ఇంకో వైపు కింది గీత దగ్గర తడి. గాభరా పడి బాబాయికి ఫొటో పంపాను. పోసిన ఆయిల్ గొట్టం గోడలకి అంటుకుని ఉంటుందనీ, కడ్డీ దిగేటప్పుడు అది రాసుకుంటుందనీ చెప్పారు. ఆయన చెప్పినట్టే కొన్ని నిమిషాలు ఆగి, నూలు పోగులు రాలని బట్టతో తుడిచి మూడుసార్లు చూశాను. రెండు వైపుల్లో తక్కువగా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకున్నాను. కొత్త ఆయిల్ పల్చటి ఎరుపు, కడ్డీ మీద సరిగా ఆనదు. వెనక తెల్ల కాగితం పెడితే గీత స్పష్టంగా కనిపించింది. కింది గీత మీదే ఉంది.

వంద మిల్లీలీటర్లు పోశాను, ఆగాను, గేర్లు తిప్పాను, చూశాను. ఇంకో వంద. ఇంకో వంద. చివరికి ఇంకో యాభై పోశాక హాట్ గీతల మధ్యలో, పై గీతకి కాస్త కిందగా నిలిచింది. మొత్తం 2.55 లీటర్లు పట్టింది.

అయిదున్నరలో కొత్తది సగం కూడా కాదు, సుమారు 46 శాతమే. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోయిన పాతదే. కొన్ని వారాలు నడిపాక ఇంకోసారి ఇలాగే తీసి పోస్తే కొత్తది 70 శాతం అవుతుంది. ఆ రెండోసారి పని నిన్న చేశాను. ఈసారి డ్రైన్ చేస్తే సరిగ్గా రెండున్నర లీటర్లు వచ్చింది. పాత ఆయిల్ మూతలు బిగించిన డబ్బాల్లో ఉంది, రీసైకిల్ చేసేవాళ్ళకి ఇవ్వాలి. రాత్రి మళ్ళీ అట్టముక్కలు పరిచాను. పొద్దున చూస్తే ఒక్క చుక్క లేదు. లివర్ డి లోకి వేశాను. ఒకటి అని లెక్కపెట్టేలోపే బండి కదిలింది.