చుక్కల్లో మనుషులు

"ఇందులో నేనెక్కడ?"

సదస్సుకి వచ్చినవాళ్ల కోసం మేం చేస్తున్న మ్యాప్‌ని, వాళ్లలో ఒకావిడకి చూపించాం. తెర మీద వందల చుక్కలు విచ్చుకోగానే ఆవిడ అన్న మొదటి మాట ఇది. ఒక్కో చుక్క సదస్సుకి వచ్చిన ఒక్కో మనిషి.

ముందు మొత్తం చూపించు, తర్వాత దగ్గరికి తీసుకెళ్లు, వివరాలు అడిగితేనే ఇవ్వు. 1996లో కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ చెప్పిన ఈ వరస డిజైన్ చేసేవాళ్లలో చాలామందికి కంఠతా వచ్చు. డేటాని బయటినుంచి చూసేవాళ్లకి బాగానే పనిచేస్తుంది. కానీ ఆ డేటాలో తనూ ఒక చుక్కైతే? ముందు తనని వెతుక్కుంటారు, తర్వాత పక్కనెవరున్నారో చూస్తారు. గ్రూప్ ఫొటో చేతికొస్తే మనం చేసేదీ అదేగా!

ఇంకో తమాషా. ఆసక్తులు కలిసినవాళ్లని దగ్గరగా పెడితే, ఆవిడ పక్కన తేలినవాళ్లు చాలావరకు ఆవిడ టీమ్‌వాళ్లే. వాళ్లని కలవడానికి ఇంతదూరం రావాలా? కొత్త కబుర్లు ఎక్కువగా ముఖపరిచయస్తుల ద్వారానే అందుతాయని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే వాదించాడు. అంటే మ్యాప్‌లో కాస్త ఎడంగా ఉన్నవాళ్లే అసలు సరుకన్నమాట.

అందుకే ఇక తెరవగానే మధ్యలో "మీరు ఇక్కడ". తెలిసినవాళ్లంతా లేతరంగులోకి. ఎడంగా ఉన్న చుక్కని నొక్కితే, మీ ఇద్దరికీ ఎక్కడ కలిసిందో ముందు ఒక్క వాక్యం. పేరు, హోదా ఆ తర్వాతే.

హోదానే పైన ఉండాలని మా మేనేజర్ పట్టు. అలా పెడితే అందరూ పెద్ద కుర్చీల వెంటే పడతారండీ! రేపు మీటింగ్‌లో ఈ గొడవ తేలాలి.