స్క్రూడ్రైవర్‌తో గుమ్మం తట్టి చూసిన మనిషి

నాన్నగారి పాత నోటుపుస్తకాలు అటక మీద ఒక చెక్కపెట్టెలో ఉండేవి. ఆ మధ్య ఏదో కాగితం కోసం వెతుకుతూ ఆ పెట్టె దింపాను. పైనున్న పుస్తకం అట్ట నిక్షేపంగా ఉంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం బరువే లేదు. తెరిచి చూస్తే నాలుగు అంచులూ మిగిలాయి, మధ్యలో కాగితాలకు బదులు తడి మట్టి. వెలుగు పడగానే తెల్లగా, మెత్తగా ఉన్న పురుగులు ఆ మట్టిలోకి పరుగులు తీశాయి. చెదలు. నాన్నగారి చేతిరాత ఉన్న మూడు పుస్తకాలు అలా పోయాయి.

ఆ రోజంతా నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. మీ ఇంట్లోనూ అలా ఏళ్లుగా తెరవని పెట్టె ఏదైనా ఉంటే, ఇది చదవడం ఆపి ముందు దాన్ని దింపి చూడండి. నిజంగానే చెబుతున్నాను.

ఆ టెన్షన్‌లో, ఎవరు త్వరగా వస్తామంటే వాళ్లనే పిలిచాను. వచ్చినతను చెదలు ఎక్కడ కనిపించాయని కూడా అడగలేదు. భుజాన పంపు తగిలించుకుని గదిగదికీ తిరిగాడు, గోడల అంచుల వెంట మందు కొట్టాడు, ఇరవై నిమిషాల్లో డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులపాటు ఇంట్లో ఘాటు వాసన. ఆ వాసన చూసి మందు గట్టిగానే పనిచేస్తోందని నమ్మాను. రెండు నెలలు తిరక్కుండా బాత్రూమ్ గుమ్మం పక్కన, నేల నుంచి మోకాలి ఎత్తు దాకా, పెన్సిల్ మందాన మట్టి గీత కనిపించింది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు.

పక్కింటి వదినగారికి నా గోడు చెప్పుకుంటే, తమ ఇంటికి మూడేళ్లుగా వస్తున్న మనిషి నంబరు ఇచ్చారు. రెండు వీధుల అవతలే ఉంటాడు.

అతను మొదటిరోజు మందే తీసుకురాలేదు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో స్క్రూడ్రైవర్, అంతే. గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, స్క్రూడ్రైవర్ పిడితో చెక్కను కింది నుంచి పైకి తడుతూ వచ్చాడు. "ఈ మోత వినండమ్మా" అని పైన కొట్టాడు. గట్టి చెక్క మోత. "ఇప్పుడిది వినండి" అని కింద కొట్టాడు. ఖాళీ అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. తర్వాత మొనతో మెల్లగా నొక్కాడు. బలమేమీ పెట్టలేదు, అయినా మొన వేలెడు లోతుకు దిగింది. పైన కనిపిస్తున్నది రంగు పొర మాత్రమే, లోపలంతా డొల్ల. ఆ గుమ్మాన్ని నేను రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తాను. ఒక్కనాడూ అనుమానం రాలేదు.

తర్వాత ఆ మట్టి గీత మధ్యలో ఒక అంగుళం మేర గీకేశాడు. గోడ మీద దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన తేదీ వేశాడు. "మూడు రోజులు దీన్ని ముట్టుకోకండమ్మా. మళ్లీ కట్టుకుంటే లోపల రాకపోకలు ఉన్నట్టే. కట్టుకోకపోయినా పోయాయని కాదు, వేరే దారి పట్టి ఉండొచ్చు."

మర్నాడు పొద్దునకే సగం పూడింది. కొత్త మట్టి పాతదానికంటే కాస్త నల్లగా, తడిగా ఉంది. దాని ముందు కూర్చుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. రాత్రికి రాత్రి, మేం నిద్రపోతుండగా, ఆ పురుగులు ఒక్కో మట్టిరేణువునూ తెచ్చి అతికించుకున్నాయి.

ఆ మట్టి గీత నిజానికి లోపల డొల్లగా ఉన్న గొట్టం. అదెందుకో అతనే వివరించాడు. చెదపురుగు ఒళ్లు చాలా మెత్తన, పొడిగాలి తగిలితే ఎండిపోతుంది. అందుకే నేలలోని పుట్ట నుంచి చెక్క దాకా మట్టితో, తన ఉమ్మితో మూసిన దారి కట్టుకుని, ఆ చీకట్లోనే తిరుగుతుంది. దానికి చెక్క ఎంత అవసరమో తేమ కూడా అంతే. ఆ మాట అంటూనే గోడకు అరచేయి ఆనించాడు. నన్నూ ఆనించమన్నాడు. చల్లగా, చెమ్మగా ఉంది. గోడ లోపల పైపు అతుకు దగ్గర నీరు కారుతోంది.

"ముందు ప్లంబర్‌ని పిలవండమ్మా. అది ఆగాకే నేను వస్తాను. ఇప్పుడు మందు పెడితే మీ డబ్బులు దండగ."

నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే. చేతికందిన పని వాయిదా వేసుకుని, ముందు ఇంకొకరిని పిలవమని చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?

పది రోజుల తర్వాత అతను ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చాడు. గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున సన్నటి రంధ్రాలు వేశారు. సీలు తీయని సీసా నా చేతికిచ్చి లేబుల్ చదవమన్నారు. ఇమిడాక్లోప్రిడ్ అని ఉంది. ఎంత నీళ్లలో ఎంత కలపాలో లేబుల్ మీదే రాసుంది, నా ఎదురుగానే కొలిచి కలిపారు. ఒక్కో రంధ్రంలోకి మందు ఎక్కించి, సిమెంటుతో పూడ్చారు. ఈసారి వాసన దాదాపు లేదు. ఇది పనిచేస్తుందా అని అడిగేశాను. ఘాటుకూ పనితనానికీ సంబంధం లేదన్నాడు. కొన్ని మందుల జాడ చెదలకు తెలిసిపోతుంది, అటు రాకుండా తప్పుకుని ఇంకో పక్కనుంచి దారి కట్టుకుంటాయి. దీన్ని అవి పసిగట్టలేవు. అందులోంచే నడిచి, తోటివాటికి కూడా అంటిస్తాయి. కనుక ఆ పూటకే ఫలితం చూడాలనుకోవద్దని, కొన్ని వారాలు పట్టొచ్చని చెప్పాడు.

వాళ్లు పని మొదలుపెట్టకముందే ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా, పిల్లులూ చేపలూ ఉన్నాయా అని అడిగారు. మా అబ్బాయి చేపల తొట్టి గురించి నాకసలు తోచనే లేదు. పురుగుమందులు చాలావరకు చేపలకు ప్రాణాంతకమట. తొట్టిని వేరే గదిలోకి మార్చి, గుడ్డ కప్పి, గాలిపంపు ఆపించాకే డ్రిల్లు తీశారు. చేతులు పెట్టకూడని చోట్లు మా అబ్బాయికి స్వయంగా చూపించారు. మొదట వచ్చినతను ఈ ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదని తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

వంటింట్లో బొద్దింకల సంగతి కూడా అప్పుడే ఎత్తాను. నేను స్ప్రే కొడుతున్నానంటే వెంటనే ఆపమన్నాడు. అలమరా మడత బందుల దగ్గర, సింకు కింద సందుల్లో మందు కలిపిన జెల్ చుక్కలు పెట్టాడు. జెల్ తిన్న బొద్దింక గూటికెళ్లి చచ్చాక, దాన్నీ దాని రెట్టనూ తిన్నవి కూడా పోతాయి. మనం పైన స్ప్రే కొడితే జెల్ దగ్గరికే రావు. ఇన్నాళ్లూ నేను చేసింది అదే.

గ్యారంటీ ఎన్నాళ్లు, ఏ గదులకు, మళ్లీ వస్తే ఎవరు ఏం చేయాలి అన్నవన్నీ కాగితం మీద రాసివ్వమన్నాను. అతను మారు మాట్లాడకుండా రాసిచ్చాడు, తన లైసెన్సు నంబరు కూడా వేశాడు. మీరూ అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు, ఇల్లు మనది.

నెల రోజులకు చెప్పిన తేదీకే వచ్చాడు, నేను ఫోన్ చేయకుండానే. మళ్లీ అదే స్క్రూడ్రైవర్‌తో అన్ని గుమ్మాలూ తట్టుకుంటూ వెళ్లాడు. పాడైన చెక్కను కింది నుంచి కోయించి కొత్తది అతికించుకున్నాం. వానలు పడ్డాక ఉసుళ్లు ఇంట్లోకి వచ్చినా, కిటికీ దగ్గర రాలిన రెక్కలు కుప్పగా కనిపించినా తుడిచేయకుండా ముందు తనకు చెప్పమన్నాడు.

ఇల్లంతా రంగులు వేయించినప్పుడు బాత్రూమ్ గుమ్మం పక్కన జానెడు గోడ మాత్రం వదిలేయమన్నాను. పెన్సిల్ సున్నా, దాని పక్కన అతను వేసిన తేదీ అక్కడ ఇంకా ఉన్నాయి. మందు పెట్టించాక అక్కడ కొత్త మట్టి మళ్లీ కనిపించలేదు. రాత్రి లైట్లు ఆపేముందు టార్చి వేసి ఒకసారి చూసుకునే పడుకుంటాను.