కౌలుదారు పేరు రాసే గడి

2021 ఫిబ్రవరిలో, అమెరికాలోని పశ్చిమ కాన్సస్‌లో నేను పనిచేసే పన్ను లెక్కల కార్యాలయానికి ఒక గోధుమ రైతు కోపంగా వచ్చారు. రైతులు మార్చి 1 లోపు పత్రాలు దాఖలు చేస్తే ముందస్తు పన్ను వాయిదాలు కట్టే పని ఉండదు కనుక ఆ నెలంతా మాకు ఊపిరి సలపదు. ఆ తొందరలో, ఆయన పేరున వచ్చిన ప్రభుత్వ సాయం పత్రాన్ని చూసి, "భూమి వేరొకరిది కదా, ఈ సొమ్ము మీకు పొరపాటున వచ్చిందా?" అని ముందురోజు ఫోనులో అడిగాను. ఆయన నా బల్ల ముందు నిలబడి, "భూమి ఆమెదే, కౌలు రొక్కంగా కట్టేశాను. వడగళ్లు పడితే పోయేది నా పంట. ఆ డబ్బు ఆమెకెందుకు వస్తుంది?" అన్నారు.

క్షమాపణ చెప్పాను. కానీ ఆ ప్రశ్న నాకు అలవాటు కొద్దీ వచ్చింది. మా బాపు వరంగల్ దగ్గర నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు, పత్తి వేస్తాడు. 2018 మేలో తెలంగాణ ప్రభుత్వ పెట్టుబడి సాయం రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4,000 రూపాయల చెక్కు పాసుపుస్తకం ఉన్న పట్టాదారుకు అందింది. ఆయన హైదరాబాదులో ఉంటారు. ఆ ఏడు విత్తనాలకు బాపు ఎప్పటిలాగే వడ్డీకి తెచ్చాడు.

ఆ సాయంత్రం ఆ రైతు పత్రాన్ని మళ్లీ తీసి చూశాను. 2019 గోధుమ సగటు ధర బుషెల్‌కు, అంటే సుమారు 27 కిలోలకు, 4.58 డాలర్లే పలికింది; అప్పట్లో చట్టం పెట్టిన ఆధార ధర 5.50. ఆ తేడా 92 సెంట్లను ప్రభుత్వం చెల్లించింది. లెక్క కట్టేది ఆ ఏడు వేసిన పంట మీద కాదు, ఆ కమతానికి ఏనాడో ఖాయం చేసిన మూల విస్తీర్ణంలో 85 శాతం మీద. అంటే హక్కు పుట్టేది భూమి చరిత్ర నుంచే. అయినా డబ్బు చేరేది నష్టభయం మోసేవారికి: పాలుకిచ్చిన భూమైతే యజమానికీ సాగుదారుకూ వాటాల ప్రకారం, రొక్కం కౌలైతే మొత్తం సాగుదారుకే. ఇక్కడా నోటిమాట కౌళ్లు ఎన్నో ఉన్నాయి. సాగు చేసేవాడి పేరు కాగితం మీద పడితే భూమి చేజారుతుందన్న భయం మాత్రం నా దగ్గరకు వచ్చే యజమానుల్లో నేను చూడలేదు.

మా పథకాన్ని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. 2019 జూన్‌లో కోసిన గోధుమకు రావలసిన సాయం కోసం ఈ రైతు 2020 అక్టోబరు దాకా ఎదురుచూశారు. రైతుబంధు ఉద్దేశం విత్తే వేళకు చేతికి పెట్టుబడి ఇవ్వడం. చిన్న రైతు అవసరం ఎప్పుడు పడుతుందో తెలిసినవాళ్లు చేసిన ఆలోచన అది. అంత తెలిసినవాళ్లు దున్నేవాడి పేరు రాసే గడి ఒకటి పెట్టకపోవడమే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆదివారం ఫోనులో ఇదంతా బాపుకు చెప్పాను. ఓపికగా విని, "మరి గా పైసలు చూసి పట్టాదారు కౌలు పెంచడా బిడ్డా?" అని అడిగాడు.

"పెంచుతారు బాపూ" అన్నాను. ఏటేటా కౌలు పద్దు రాసేది నేనే.

"పెంచనీ. పేరైతే పడ్డది గదా" అన్నాడు.