సిగరెట్టు పోయింది, కడుపు కదలనంది

18 ఏళ్లుగా నా పొద్దు ఒకే వరసలో మొదలయ్యేది. నాలుగున్నరకు లేవడం, ముఖం కడుక్కోవడం, వీధి చివర బంకులో ఒక కాఫీ, ఒక సిగరెట్టు. సిగరెట్టు సగానికి వచ్చేసరికి కడుపులో కదలిక. ఇంటికి పరుగు. ఐదున్నరకల్లా స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, బండి తీసుకుపోయి రైల్వే స్టేషన్ ముందు నిలబెట్టేవాణ్ని. నేను తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాను. కొండకు, తిరుచానూరుకు, కాళహస్తికి, కాణిపాకానికి యాత్రికులను తిప్పడమే పని.

ఈ వరస నాకు మా నాయన నుంచి వచ్చింది. మాది చంద్రగిరి పక్కన పల్లె. ఆయనకు బీడీ. పొద్దున్నే చేని గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించి, "కడుపు కదలాలంటే ఇది ఉండాల్రా" అనేవాడు. ఆ మాటలో నిజం ఎంత ఉందో నాకు సిగరెట్టు తగ్గించిన మూడో రోజున తెలిసింది.

కొండకు బండి తోలేవాళ్లకు సిగరెట్టు లేకుండా ఉండటం కొత్త కాదు. అలిపిరి దగ్గర బండి ఆపి, సామాను దించి తనిఖీ చేస్తారు. సిగరెట్టు, బీడీ, గుట్కా, మందు ఏదీ పైకి పోకూడదు. అందుకని ప్యాకెట్టు కిందనే తెలిసినవాళ్ల బంకులో ఇచ్చి పోయేవాణ్ని. యాత్రికులు దర్శనం చేసుకుని వచ్చేదాకా పైన ఆరు గంటలు, రద్దీ ఉంటే పది గంటలు. మొదటి రెండు గంటలు హాయిగానే ఉండేది. తర్వాత ఆవలింతలు, చిరాకు, ఊరికే ఫోను తీసి చూడటం. దిగేటప్పుడు ఘాట్ రోడ్డులో 40 నిమిషాల కంటే ముందు కిందికి చేరకూడదు. ఆ 40 నిమిషాలూ కళ్లు మలుపుల మీద, మనసు బంకులోని ప్యాకెట్టు మీద. ఒకసారి వెనక సీట్లో పసిబిడ్డ ఏడుస్తుంటే, ఆ ఏడుపు తట్టుకోలేక మలుపులో బ్రేకు ఆలస్యంగా తొక్కాను. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది మానేయాలి అని గట్టిగా అనుకున్నది ఆ రోజే.

పోయిన ఏడాది సంక్రాంతికి మా అక్క కొడుకు లండన్ నుంచి వచ్చాడు. "మామా, అక్కడ సిగరెట్టు మానేవాళ్లకు ఇదే ఇస్తారు" అని ఒక వేప్ నా చేతిలో పెట్టాడు. అంటే నికోటిన్ కలిపిన ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్టు. పెన్ను కంటే కాస్త లావు. దాంతోపాటు 10 మిల్లీలీటర్ల చిన్న సీసాలు మూడు. సీసా మీద 20 మిల్లీగ్రాములు అని రాసి ఉంది. అంటే ఒక్కో మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల నికోటిన్. ఇంగ్లండ్‌లో అంతకు మించి అమ్మకూడదట. వాడు మంచి మనసుతోనే తెచ్చాడు. మన దేశంలో దీని సంగతేమిటని వాడూ ఆలోచించలేదు, నేనూ అడగలేదు.

మొదటి రెండు రోజులు పండగలాగే ఉంది. పొగ వాసన లేదు, నోరు చేదు లేదు. నా భార్య పక్కన కూర్చుని మాట్లాడింది. రోజుకు 15 సిగరెట్లు కాల్చేవాణ్ని రెండుతో సరిపెట్టుకున్నాను. అసలు కష్టం మూడో రోజు పొద్దున మొదలైంది. కాఫీ తాగాను, వేప్ నాలుగు దమ్ములు లాగాను, కూర్చున్నాను. ఏమీ లేదు. కాళ్లు తిమ్మిరెక్కేదాకా కూర్చుని లేచి వచ్చాను. నాలుగో రోజూ అంతే. ఐదో రోజుకు పొట్ట డోలులా బిగిసింది. సీటు బెల్టు పెట్టుకుంటే నొప్పి. పుల్ల తేన్పులు, ఛాతీలో మంట, మధ్యాహ్నానికి వికారం. అన్నం చూస్తే తినాలని ఉండేది, రెండు ముద్దలకే గొంతు దాకా నిండినట్టు అయ్యేది.

కడుపు ఒక్కటే అయితే ఓర్చుకునేవాణ్నేమో. తల చుట్టూ తాడు బిగించినట్టు నొప్పి. రాత్రి ఒంటిగంటకు మెలకువ వస్తే మళ్లీ నిద్ర రాదు. వస్తే పిచ్చి పిచ్చి కలలు. నోట్లో పూత. ఎంత నీళ్లు తాగినా ఆరిపోయే గొంతు. ఆరో రోజు రేణిగుంట విమానాశ్రయం నుంచి వస్తున్న పెద్దాయన "బాబూ, కొంచెం ఏసీ పెంచుతావా" అని అడిగితే కసిరాను. ఆయన మాట్లాడకుండా అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు నేనే చేతులు పట్టుకుని క్షమించమని అడిగాను. ఇంటికి పోతే నా భార్య, "ఏమయ్యా, సిగరెట్టు తాగే రోజుల్లోనే మేలుగా ఉండావు, పిల్లోడి మీద అట్లా అరస్తా ఉండావే" అంది. ఆ రాత్రి మెట్ల కింద నిలబడి ఒకేసారి మూడు సిగరెట్లు కాల్చాను. మరుసటి పొద్దున కడుపు కదిలింది. చూశావా, నీకు సిగరెట్టే మందు అని మనసు చెప్పిన క్షణం అది. మానాలనుకున్నవాళ్లు చాలామంది వెనక్కి పోయేది ఇక్కడేనని నా నమ్మకం. నేనూ వారం రోజులు అదీ ఇదీ రెండూ నడిపాను. వేప్ వేప్‌గా, సిగరెట్లు సిగరెట్లుగా.

రెండో వారంలో బైరాగిపట్టెడలో మాకు తెలిసిన పెద్ద డాక్టరు దగ్గరికి పోయాను. గ్యాస్ మాత్ర రాయించుకుని వచ్చేద్దామనే పోయాను. ఆయన పొట్ట నొక్కి చూశాడు. రక్తం పడుతోందా, జ్వరం ఉందా, బరువు తగ్గావా, వాంతులు అవుతున్నాయా అని అడిగాడు. ఏవీ లేవన్నాను. అవి ఏవైనా ఉంటే సిగరెట్టు మానడం వల్లే అనుకుని ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే చూపించుకోవాలి అని చెప్పాడు. తర్వాత మెల్లగా నా చేత అన్నీ చెప్పించాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. నికోటిన్ పేగులను కదిలిస్తుంది. 18 ఏళ్లుగా రోజూ పొద్దున అదే వేళకు బయటినుంచి ఒక తోపు అందుతుంటే, పేగు తనంతట తాను కదిలే అలవాటు తగ్గించుకుంది. మానినవాళ్లలో సుమారు ఆరుగురిలో ఒకరికి మలబద్ధకం వస్తుంది. అది రోగం కాదు, పేగు తన పని మళ్లీ నేర్చుకునే సమయం. మరి వేప్‌లోనూ నికోటిన్ ఉంది కదా సార్ అన్నాను. ఉంది, కానీ నువ్వు సిగరెట్టులా ఐదు నిమిషాల్లో తాగి ఆర్పేయడం లేదు, బండిలో కూర్చున్నప్పుడల్లా ఒక్కో దమ్ము లాగుతున్నావు. పొద్దున అందాల్సిన తోపు అందదు, రోజంతా ఎక్కువైన నికోటిన్ వికారం తెస్తుంది. లాలాజలంతో లోపలికి పోయింది ఛాతీ మంట తెస్తుంది. గట్టిగా పీల్చేటప్పుడు మింగే గాలి పొట్ట ఉబ్బరం తెస్తుంది. ఆ ద్రవంలో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ నోరు ఆరబెడుతుంది.

ఆ తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. "రోజుకు కాఫీలు ఎన్ని?"

ఆరు అన్నాను. తిరుపతిలో ట్యాక్సీ తోలేవాడికి ఆరు కాఫీలు ఒక లెక్క కాదు. ఆయన నవ్వి, సిగరెట్టు పొగలోని తారు మన కాలేయాన్ని కాఫీ తొందరగా అరిగించేలా మారుస్తుందని చెప్పాడు. పొగ ఆపిన కొద్ది రోజులకు ఆ వేగం పడిపోతుంది. అదే ఆరు కాఫీలు ఒంట్లో పన్నెండు తాగినంత పని చేస్తాయి. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, పుల్ల తేన్పులు అన్నీ నికోటిన్ ఖాతాలో వేసుకున్నాను. అందులో సగం కాఫీదే. ఈ ఒక్క మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే నేను వారం రోజులు వెనక్కి పోయేవాణ్ని కాదు. అందుకే ఇప్పుడు మానాలనుకునే ప్రతి డ్రైవరుకూ ముందు ఈ మాటే చెప్తున్నాను. సిగరెట్టుతోపాటు కాఫీనీ సగానికి దించండి.

చివరికి వేప్ బల్ల మీద పెట్టమన్నాడు. ఇందులో తారు లేని మాట నిజమే, కొన్ని దేశాల్లో మానడానికి వాడే మాటా నిజమే, కానీ మన దేశంలో 2019 నుంచి దీన్ని తయారు చేయడం, దిగుమతి చేయడం, అమ్మడం, నిల్వ ఉంచడం అన్నీ నేరం అని చెప్పాడు. దిగుమతికి మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉండొచ్చు. మా మేనల్లుడు గుర్తొచ్చి నా చేతులు చల్లబడ్డాయి. ఇంటికి వచ్చి మిగిలిన రెండు సీసాలు బీరువాలోంచి తీస్తుంటే, ఏడేళ్ల మా అబ్బాయి పక్కకు వచ్చి "మామిడిపండు వాసన వస్తోంది నాయనా, జ్యూసా?" అన్నాడు. ఆ సీసాలో ఉన్న నికోటిన్ వాడు తాగితే ఏమవుతుందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ పూటే అన్నీ ఇంట్లోంచి పోయాయి.

దాని బదులు డాక్టరు నికోటిన్ గమ్ రాశాడు. లేచిన పది నిమిషాల్లో మొదటి సిగరెట్టు కాలుస్తానని చెప్పాను కాబట్టి 4 మిల్లీగ్రాములది. తర్వాత 2 మిల్లీగ్రాములకు దిగి, 12 వారాల్లో పూర్తిగా ఆపాలి. మొదటి రోజు దాన్ని బబుల్‌గమ్‌లా కసకసా నమిలాను. పది నిమిషాలకు ఎక్కిళ్లు, మళ్లీ ఛాతీ మంట. మందుల షాపు అబ్బాయి నేర్పించాడు. "అన్నా, నాలుగుసార్లు నమలు, నాలుక చురుక్కుమంటానే ఆపి బుగ్గలో ఒక పక్కకు పెట్టు. చురుకు పోతే మళ్లీ నమలు. అరగంట రావాలది." కాఫీ తాగిన పావుగంట దాకా నోట్లో వేసుకోకూడదు, వేసుకుంటే పని చేయదు. ఇది బుగ్గలోంచి ఒంటికి ఎక్కాల్సిన మందు, మింగితే కడుపునే పాడు చేస్తుంది.

కడుపు కోసం చేసినవన్నీ ఇంట్లోవే. నేను బండి తోలేటప్పుడు మధ్యలో ఆపాల్సి వస్తుందని నీళ్లు తాగేవాణ్ని కాదు. ఇప్పుడు రెండు లీటర్ల సీసా పక్క సీట్లో ఉంటుంది, సాయంత్రానికి ఖాళీ కావాలి. రాత్రి ఇసబ్‌గోల్ ఊక ఒక చెంచా పెద్ద గ్లాసు నీళ్లతో. నీళ్లు తక్కువైతే అది ఇంకా బిగిస్తుంది, జాగ్రత్త. మధ్యాహ్నం హోటల్లో పూరీ, పరోటా ఆపి ఇంటి నుంచే రాగి సంగటి, ఆకుకూర తీసుకుపోయాను. దోసగింజలు, బొరుగులు ఒక డబ్బాలో. చేతికి సిగరెట్టు లేని వెలితి ఆ బొరుగులే తీర్చాయి. కొండ మీద వేచి ఉండే గంటల్లో బండిలో పడుకోకుండా పార్కింగు చుట్టూ నడిచాను.

ఇంత చేసినా పొద్దున లేచీ లేవగానే కాళ్లు బంకు వైపే పోయేవి. ఒక రోజు చేతిలో డబ్బులతో బంకు ముందు నిలబడి, అక్కడ వేలాడుతున్న ప్యాకెట్టు మీద ఉన్న, పొగాకు మానేవాళ్లకు సాయం చేసే 1800-11-2356 నంబరుకు ఆ తర్వాత ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఫోను ఎత్తిన అమ్మ ఉపన్యాసం ఇవ్వలేదు. "అన్నా, ఇప్పుడు ఎంత గట్టిగా అనిపిస్తోందో అంతా నాలుగైదు నిమిషాలే ఉంటుంది, అప్పటిదాకా నాతో మాట్లాడుతూ ఉండు" అంది. ఊరు పేరు, పిల్లల చదువు అడిగింది. ఆ కోరిక ఎప్పుడు దిగిపోయిందో కూడా గమనించలేదు. తర్వాత వాళ్లే రెండు మూడుసార్లు చేసి ఎలా ఉన్నానో కనుక్కున్నారు.

గమ్ మొదలుపెట్టిన తొమ్మిదో రోజు అనుకుంటాను. నాలుగున్నరకు లేచి, వేడినీళ్లు రెండు గ్లాసులు తాగి, వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాను. బయట ఇంకా చీకటి. నా భార్య పాలు పొంగకుండా చూస్తోంది. కడుపులో ఎడమ పక్క చిన్నగా, ఎవరో తలుపు తట్టినట్టు, ఒక కదలిక. కాఫీ లేదు, సిగరెట్టు లేదు. పొంగుతున్న పాలు వదిలేసి ఆమె నా ముఖం చూసి "ఏమయ్యింది?" అంది. నేను లేచి పరుగెత్తాను. చెప్పుకోడానికి ఇది చిన్న సంగతే కావచ్చు. ఆ రోజు రైల్వే స్టేషనుకు బండి తోలుతూ నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూడో వారానికి పుల్ల తేన్పులు తగ్గాయి. నిద్ర రావడానికి నెల పట్టింది. కోపం అన్నిటికంటే ఆలస్యంగా పోయింది. పెరిగిన నాలుగు కిలోలు ఇంకా ఉన్నాయి. గమ్ 13వ వారంలో ఆపాను. ఈ మధ్యలో ఒకసారి పెళ్లిలో ఒక సిగరెట్టు కాల్చాను. మర్నాడు మళ్లీ మొదటి రోజు అని రాసుకున్నాను.

పోయిన నెల ఊరికి పోతే నాయన పంచలో కూర్చుని ఉన్నాడు. ఆయనకిప్పుడు 70 దాటింది. చాలాసేపు నా వంక చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమిరా, మరి పొద్దున్నే నీకు ఎట్లా అవతా ఉండాది?"

అంతా చెప్పాను. నీళ్లు, సంగటి, ఊక, నడక. ఆయన తల ఊపుతూ విన్నాడు. బండి ఎక్కేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ ఊక పొట్లం ఒకటి ఈసారి వచ్చేటప్పుడు నాకూ తెచ్చి పెట్టు" అన్నాడు. బీడీ కట్ట చొక్కా జేబులోనే ఉంది.