చెక్కు పాసయ్యాకే సంతకం

కాలిఫోర్నియాలో అద్దె ఇల్లు ఖాళీ చేశాక 21 రోజుల్లోగా యజమాని డిపాజిట్ తిరిగివ్వాలి, లేదంటే దేనికెంత కోశారో లెక్క రాసి పంపాలి. మాకు లెక్క వచ్చింది. కార్పెట్ మొత్తం మార్చినందుకు, గోడలకు రంగు వేసినందుకు కలిపి 1,650 డాలర్లు కోశారు. ఆ కార్పెట్ మేం దిగేనాటికే పాతది. మామూలు వాడకంలో అరిగినదానికి అద్దెకున్నవాళ్ళ దగ్గర వసూలు చేయకూడదని చట్టంలోనే ఉంది. ఎన్ని మెయిళ్ళు రాసినా "మా పాలసీ ఇంతే" అన్న జవాబే. విసుగొచ్చి శాంటా క్లారా కౌంటీలో చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో కేసు వేశాను.

నాన్నగారికి ఫోన్‌లో చెబితే ఒకటే టెన్షన్. పొలం గట్టు తగాదాతో ఏళ్ళ తరబడి తెనాలి కోర్టు చుట్టూ తిరిగిన మనిషాయన. "కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు. పరాయి దేశంలో నీకెందుకురా? వీసాకేమైనా అయితే?" అన్నారు. మన డబ్బు కోసం మనం వేసే సివిల్ కేసు వేరు, మన మీద పోలీసులు పెట్టే కేసు వేరు అని నచ్చజెప్పాను. ఆయన్ని ఏమనగలం, ఇదే భయంతో వేల డాలర్లు వదులుకున్న హెచ్‌వన్‌బీ వాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు.

ఇక్కడి స్మాల్ క్లెయిమ్స్ సామాన్యుడి కోసం పెట్టింది. ఒక వ్యక్తి 12,500 డాలర్ల దాకా అడగవచ్చు. అడిగే మొత్తాన్ని బట్టి ఫీజు 30 నుంచి 75 డాలర్లు. నాకు 50 అయింది. విచారణలో లాయర్లు వాదించరు. అవతలిది కంపెనీ అయినా సరే, తన ఉద్యోగినే పంపుకోవాలి. నోటీసు మాత్రం మన చేత్తో మనం ఇవ్వకూడదు. కేసుతో సంబంధం లేని, 18 ఏళ్ళు నిండిన మనిషి ఇవ్వాలి. మా టీమ్‌లోని గుంటూరు కుర్రాడు బిర్యానీ మీద ఒప్పుకుని ఆ పని చేసిపెట్టాడు.

నోటీసు అందగానే అపార్ట్‌మెంట్ మేనేజరమ్మ గొంతు మారిపోయింది. "1,400 ఇస్తాం. కేసు వెనక్కి తీసుకుంటున్నట్టు ఈ ఫారం మీద సంతకం పెట్టి ఇవాళే కోర్టులో ఇచ్చేయండి, చెక్కు వచ్చే వారం పంపుతాం."

బేరం నాకూ బాగానే ఉంది. విచారణంటే ఒక రోజు సెలవు పెట్టాలి, అదీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారంలో. పైగా కేసు వేసినవాడు ఓడితే అప్పీలుకు వెళ్ళే దారి లేదు, వాళ్ళకైతే ఉంది. నన్ను ఆపింది ఆవిడ పంపిన ఫారమే. అందులో "విత్ ప్రెజుడిస్" గడిలో ముందే టిక్కు పెట్టేశారు. అలా వెనక్కి తీసుకుంటే ఇదే గొడవ మీద మళ్ళీ కేసు వేయలేను. "వితౌట్ ప్రెజుడిస్" అయితే కేసు వేసే గడువు దాటనంతవరకూ మళ్ళీ వేయవచ్చు. డబ్బిచ్చాక వాళ్ళు మొదటిది కోరడం న్యాయమే. ఇవ్వకముందే కోరితే, చెక్కు రాకపోతే నేనెవరిని అడగాలి?

అందుకని ఒక పేజీ ఒప్పందం రాసి పంపాను: ఎంత, ఏ తేదీలోగా, చెక్కు పాసయ్యాక నేను కేసు తీసేస్తానని. కేసు వెనక్కి తీసుకున్నా కోర్టు ఫీజు తిరిగి రాదు కాబట్టి ఆ 50 కూడా కలిపి 1,450 అడిగాను. రెండు రోజులు నానబెట్టి సంతకం చేశారు.

చెక్కు వచ్చింది, బ్యాంకులో వేశాను. ఖాతాలో అంకె కనిపించినంత మాత్రాన పాసైనట్టు కాదు, తర్వాత వెనక్కి తిరగొచ్చు. బ్యాంకువాళ్ళు పాసైందన్నాకే, కేసు వెనక్కి తీసుకునే సీఐవీ-110 ఫారం నింపి, ఈసారి విత్ ప్రెజుడిస్ గడిలో నేనే టిక్కు పెట్టి కోర్టులో ఇచ్చాను. దానికి ఫీజు లేదు. డబ్బు అందింది కదా అని ఫారం ఇవ్వకుండా విచారణకు ఎగ్గొట్టేవాళ్ళున్నారు. ఆ రోజు అవతలివాళ్ళు హాజరైతే తీర్పు వాళ్ళ వైపు పోవచ్చు. ఇంకో సంగతి, వాళ్ళు మన మీద ఎదురు కేసు వేసి ఉంటే మనది తీసేసినా అది అలాగే ఉంటుంది. మా విషయంలో ఆ గొడవ లేదు.

"ఇంతకీ గెలిచినట్టా, ఓడినట్టా?" అన్నారు నాన్నగారు. తీర్పు లేకుండా కేసు ముగియడం ఆయనకు మింగుడుపడలేదు. మా ఆవిడకు తీర్పుతో పనిలేదు, ఆ మిగతా 250 ఎందుకు వదిలేశావని ఇప్పటికీ అడుగుతుంది.