డార్నాల్డ్ తేలిపోయాడా, జట్టే ముంచిందా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) సామ్ డార్నాల్డ్‌ని దండగ అని తీసిపారేసేవాళ్ళు ముందుగా 2019 అక్టోబరు మ్యాచ్‌నే చూపిస్తారు. పేట్రియట్స్ చేతిలో అప్పటి అతని జట్టు జెట్స్ 33-0తో ఓడింది. అతనివి 4 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన త్రోలు), విసిరి సాధించినవి మొత్తం 86 గజాలు. మైకుకి దొరికిపోయిన "దయ్యాలు కనిపిస్తున్నాయి" అన్న మాట సరేసరి.

కానీ ఆ రాత్రి పేట్రియట్స్ మాటిమాటికీ జీరో బ్లిట్జ్ చేసింది. అందులో వెనక కాపలా కాసే సేఫ్టీ ఉండడు, అడ్డుకునేవాళ్ళకంటే ఒకడు ఎక్కువే క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకొస్తాడు. ఆ ఒక్కణ్ణి ముందు నిలబడి కాచే లైన్ ఆపడం కుదరదు, త్వరగా విసిరిన బంతే ఆపాలి. బంతి అందుకునే రిసీవర్ తన రూట్‌ని (పరుగు దారిని) వెంటనే కుదించుకోవాలి, క్వార్టర్‌బ్యాక్ చూడకుండానే అటు విసరాలి. ఆ జవాబు కోచ్ ముందే రాసిపెట్టాలి. వెనక్కి జారుతూ, బరువంతా వెనక్కాలి మీదే ఉంచి గాల్లోకి లేపిన బంతులు మాత్రం అచ్చంగా డార్నాల్డ్‌వే.

2024లో వైకింగ్స్‌కి వచ్చాడు. కోచ్ ఓకానెల్ స్కీమ్, బయట రిసీవర్ జెఫర్సన్. 14 గెలుపులు, 4,319 గజాలు, 35 టచ్‌డౌన్లు. అదే మనిషి! తీరా ప్లేఆఫ్‌లో ర్యామ్స్ 9 సార్లు శాక్ చేశారు (బంతి విసిరేలోపే పడగొట్టారు). వాటిలో కొన్ని బంతి పట్టుకుని నిలబడి కొనితెచ్చుకున్నవే.

ఈసారి స్నాప్ (ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించడం) నుంచి లెక్కపెట్టండి. రెండున్నర సెకన్లలోపే మీద పడితే లైన్‌ని తిట్టండి. మూడు దాటినా బంతి చేతిలోనే ఉంటే అనుమానం అతని మీదకి వెళ్ళాలి. రిసీవర్లెవరూ ఖాళీగా లేరేమో అంటారా? అది టీవీలో కనపడదు, ఆల్-22 (మైదానంలోని 22 మందీ కనిపించే వీడియో) తీసి చూడాల్సిందే.